మెయిల్ సర్వరు డేటాని వేరే డిస్క్ పూల్‌కి మార్చడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా సొంత మెయిల్ సర్వరు పెట్టుకున్న కాలేజీలు, పలాస జీడిపప్పు వ్యాపారులు, పైడిభీమవరం వైపు ఫ్యాక్టరీలు, చిన్న చిన్న ఆఫీసులు అందరూ ఎప్పుడో ఒకప్పుడు ఫోన్ చేసి అడిగేది ఒకటే, డిస్క్ నిండిపోతోందండీ ఏటి చెయ్యాలి అని. చెప్పిందే చెప్తున్నాను కాబట్టి అన్నీ ఒకచోట పెట్టేశాను. మీ డౌట్ ఎక్కడుందో నేరుగా అక్కడికే వెళ్ళిపోండి, ఏ జవాబుకి ఆ జవాబే పూర్తిగా ఉంటాది. లినక్స్ మీద పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ తీసుకుని పంపేది), డవ్‌కాట్ (మెయిల్‌బాక్సులు చూసుకునేది) నడుస్తున్నాయనుకుని రాశాను, నేను ఎక్కువగా చూసేవి అవే. జింబ్రా (అన్నీ కలిపి వచ్చే మెయిల్ ప్యాకేజీ) వాళ్ళకి కూడా ఒక ముక్క ఉంది.

## మొదలెట్టే ముందు

డిస్క్ 90 శాతం నిండిపోయింది, పెద్ద డిస్క్ ఒకటి తగిలించేస్తే సరిపోదా?

ఓ ఏడాది సరిపోతాది. సమస్య ఏంటంటే చాలా చోట్ల ఆపరేటింగ్ సిస్టమ్, లాగులు, మెయిల్ క్యూ (మెయిల్‌బాక్సులో పడేదాకా మెయిల్స్ ఆగే వరస), మెయిల్‌బాక్సులు అన్నీ ఒకే డిస్క్ మీద ఉంటాయి, మెయిల్‌బాక్సులు పెరిగి పెరిగి మిగతావాటిని కూడా ఊపిరాడనివ్వకుండా చేస్తాయి. లాగ్ రాయడానికి కూడా చోటు లేకపోతే ఎందుకు ఆగిందో చూసుకునే దారి కూడా ఉండదు. ఎలాగూ డిస్క్ కొంటున్నారు కాబట్టి మెయిల్ డేటాని సిస్టమ్ నుంచి విడగొట్టేయండి, ఆ తర్వాత మెయిల్ ఎంత పెరిగినా సర్వరు మాత్రం లేచి నిలబడుతాది.

డిస్క్‌లో బోలెడు ఖాళీ ఉన్నాది, అయినా స్పేస్ లేదంటోంది, ఇదేటి?

ఐనోడ్లు (డిస్క్ మీద ఒక్కో ఫైలుకి ఉండే చీటీ లాటివి) అయిపోయుంటాయి. మెయిల్‌డిర్ పద్ధతిలో ఒక్కో మెయిలు ఒక్కో ఫైలు, ఒక్కో ఫైలుకి ఒక ఐనోడ్ కావాలి. ఈఎక్స్‌టీ4 (లినక్స్‌లో మామూలు ఫైల్ సిస్టమ్) ఫార్మాట్ చేసినప్పుడే ఐనోడ్ల లెక్క ఖాయమైపోతాది, మామూలుగా ప్రతి 16 కేబీకి ఒకటి, అంటే 1 టీబీకి దాదాపు 6.7 కోట్లు. పెద్ద ఫైళ్ళ కోసమని ఎవరో ఆ సంఖ్య తగ్గించి ఫార్మాట్ చేసుంటే బేగి అయిపోతాయి. డీఎఫ్ కమాండుకి మైనస్ ఐ పెట్టి చూడండి, 100 శాతం అని కనిపిస్తే అదే రోగం. ఫైల్ సిస్టమ్‌ని పెద్దది చెయ్యకుండా వాటిని తర్వాత పెంచడం కుదరదు, కొత్త పూల్‌కి (కొన్ని డిస్కుల్ని కలిపిన నిల్వకి) మారడమే. ఎక్స్‌ఎఫ్‌ఎస్, జెడ్‌ఎఫ్‌ఎస్ అనే వేరే ఫైల్ సిస్టమ్‌లు అయితే ఐనోడ్లు అవసరాన్ని బట్టి అవే పుట్టించుకుంటాయి.

పాత మెయిల్స్ తీసేస్తే ఈ గొడవంతా ఉండదు కదా?

ఉండదు, కానీ తీసేసే ముందు మీ అకౌంటెంట్ గారిని అడగండి. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కల రికార్డులు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి, కంపెనీల చట్టం ప్రకారం ఖాతా పుస్తకాలు 8 ఏళ్ళు. ఇన్‌వాయిస్‌లు, పర్చేజ్ ఆర్డర్లు మెయిల్‌లో తప్ప ఇంకెక్కడా లేని ఆఫీసులు మనదగ్గర చాలా ఉన్నాయి. ట్రాష్, జంక్ ఫోల్డర్లు మాత్రం నిర్భయంగా ఊడ్చేయండి, ఒక్కోసారి ఆ రెండిట్లోనే సగం బరువు ఉంటాది.

15 ఎంబీ పీడీఎఫ్ పంపితే 20 ఎంబీ పైన ఎందుకు తింటోంది?

అటాచ్‌మెంట్ మెయిల్‌లో వెళ్ళేటప్పుడు బేస్64 అనే అక్షరాల రూపంలోకి మారుతాది, మూడు బైట్లు నాలుగు అవుతాయి. అక్కడే మూడో వంతు పెరిగింది. పైగా అదే మెయిలు ఆఫీసులో పది మందికి సీసీ కొడితే పది మెయిల్‌బాక్సుల్లో పది కాపీలు, పంపినాయన సెంట్ ఫోల్డర్‌లో ఇంకోటి. జీడిపప్పు గ్రేడ్ల ఫొటోలు రోజూ బయ్యర్లకి పంపే చోట డిస్క్ నిండటానికి ఇదే కారణం, స్పామ్ కాదు.

డిస్క్ పూర్తిగా నిండిపోతే బయటి నుంచి వచ్చే మెయిల్స్ పోయినట్టేనా?

వెంటనే పోవు. క్యూ ఉన్న డిస్క్ నిండితే పోస్ట్‌ఫిక్స్ 452 అనే తాత్కాలిక ఎర్రర్ చెప్తాది, అవతలి సర్వరు మెయిల్‌ని తన దగ్గరే ఉంచుకుని మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తాది. సక్రమంగా నడిచే సర్వర్లు నాలుగైదు రోజులు ఆగుతాయి. శనివారం నిండితే సోమవారం వచ్చి చూసుకున్నా సరిపోతాదన్నమాట. అయితే ఓటీపీలు, టెండర్ మెయిల్స్ ఆలస్యమైతే వచ్చినా రానట్టే కదా.

## పూల్స్ ఎలా విడగొట్టాలి

పూల్ అంటే అసలు ఏంటి, పార్టిషన్‌కి దానికి తేడా ఏంటి?

కొన్ని డిస్కుల్ని కలిపి ఒకే నిల్వగా చూపించేది పూల్. జెడ్‌ఎఫ్‌ఎస్‌లో జెడ్‌పూల్ అంటారు, ఎల్‌వీఎంలో (లినక్స్‌లో డిస్కుల్ని కలిపే ఇంకో పద్ధతి) వాల్యూమ్ గ్రూప్ అంటారు. పార్టిషన్ ఒక డిస్క్‌ని ముక్కలు చేస్తాది, అంతే. ఒకే డిస్క్‌ని రెండు పార్టిషన్లు చేసి మెయిల్ ఒకదాంట్లో సిస్టమ్ ఒకదాంట్లో పెడితే నిండిపోయే గొడవ తగ్గుతాది గానీ డిస్క్ పోతే రెండూ పోతాయి, స్పీడ్ కూడా ఇద్దరూ పంచుకోవాల్సిందే.

ఏ డేటా ఏ పూల్‌లో పెట్టాలి?

అసలు పనంతా ఈ ప్రశ్నలోనే ఉంది. కాపీ చెయ్యడం మిషను పని, ఏది ఎక్కడ ఉండాలన్నది మీ పని. సైజు చూసి విడగొట్టకండి, ఆ డేటాని రోజుకి ఎన్నిసార్లు ముట్టుకుంటారు, పోతే మళ్ళీ తయారు చేసుకోగలమా అన్న రెండూ చూసి విడగొట్టండి. మన ఇళ్ళల్లో నెలకి సరిపడా బియ్యం వంటింట్లో డబ్బాలో ఉంటాయి, ఏడాది ధాన్యం వెనక గాదెలో ఉంటాది, ఇదీ అంతే.

ఇండెక్సులు (ఏ మెయిల్ ఎక్కడుందో డవ్‌కాట్ రాసుకునే జాబితాలు) సైజులో చిన్నవి కానీ ఎవడు మెయిల్ తెరిచినా సర్వరు ముందు వాటినే చదువుతాది, అందుకే అవి ఎస్‌ఎస్‌డీ పూల్‌లో ఉండాలి. ఈ మధ్య మూడు నెలల మెయిల్స్ కూడా అక్కడే ఉంటే మంచిది. పాత మెయిల్స్ బరువు ఎక్కువ, వాడకం తక్కువ, వాటికి మామూలు హార్డ్ డిస్కులు రెండు మిర్రర్ చేసిన (ఒకే డేటా రెండిట్లోనూ రాసే) పూల్ చాలు. పోస్ట్‌ఫిక్స్ క్యూని మాత్రం మెయిల్ పూల్‌లో కలపకండి, సిస్టమ్ వైపే ఉంచండి, ఎందుకంటే మెయిల్ పూల్ నిండినా ఊడినా వచ్చిన మెయిల్‌ని పట్టుకుని కూర్చునేది ఆ క్యూనే. లాగులు కూడా సిస్టమ్ వైపే.

ఇరవై మంది ఉన్న ఆఫీసుకి మూడు పూల్స్, నాలుగు పూల్స్ అని గీతలు గీసుకోవడం అనవసరం. సిస్టమ్ ఒకటి, మెయిల్ ఒకటి, అంతే. రెండొందల మంది దాటితే ఇండెక్సుల్ని విడదీయడం గురించి ఆలోచించండి.

ఇండెక్సులు ఎస్‌ఎస్‌డీలో పెట్టాం, ఆ ఎస్‌ఎస్‌డీ పోతే మెయిల్స్ పోతాయా?

మీ మెయిల్ ఫార్మాట్ ఏంటన్న దాన్ని బట్టి. మెయిల్‌డిర్ అయితే చదివింది చదవనిది అన్న గుర్తులు ఫైలు పేరులోనే ఉంటాయి, ఇండెక్స్ పోయినా డవ్‌కాట్ మళ్ళీ కట్టుకుంటాది, మొదటి రోజు మెల్లగా ఉంటాది అంతే. ఎండీబాక్స్ (చాలా మెయిల్స్‌ని ఒకే ఫైలులో పెట్టే ఫార్మాట్) అయితే మాత్రం జాగ్రత్త, ఆ గుర్తులు, ఏ మెయిల్ ఏ ఫోల్డర్‌లో ఉందన్న సంగతి ఇండెక్సుల్లో ఉంటాయి, అవి పోతే మెయిల్ ఒళ్ళు మిగులుతాది గానీ అంతా కలగాపులగం. ఎండీబాక్స్ వాడేవాళ్ళు ఇండెక్స్ పూల్‌ని కూడా మిర్రర్ చెయ్యండి, బ్యాకప్‌లో కలపండి.

పాత మెయిల్స్ మాత్రమే వేరే పూల్‌కి వాటంతటవే వెళ్ళేలా పెట్టొచ్చా?

డవ్‌కాట్‌లో ఎస్‌డీబాక్స్, ఎండీబాక్స్ ఫార్మాట్లకి ఆల్టర్నేట్ స్టోరేజ్ అని ఉంది. 90 రోజులు దాటినవాటిని డవ్‌అడ్మ్ ఆల్ట్‌మూవ్ కమాండుతో రెండో పూల్‌కి తోసేయొచ్చు, రోజూ రాత్రి క్రాన్‌లో పెట్టుకుంటే చాలు, యూజర్‌కి ఏమీ తేడా కనబడదు. ఎండీబాక్స్‌లో తోసేశాక పర్జ్ (జరిపేసినవాటిని ఊడ్చేసే కమాండు) కూడా నడిపితేనే మొదటి పూల్‌లో చోటు ఖాళీ అవుతాది, ఇది మర్చిపోయి ఆల్ట్‌మూవ్ పనిచెయ్యట్లేదండీ అంటారు.

మెయిల్‌డిర్‌కి ఈ సదుపాయం లేదు. అక్కడ రెండు దారులున్నాయి. ఆర్కైవ్ అని వేరే నేమ్‌స్పేస్ (విడిగా ఒక ఫోల్డర్ల గుంపు) చేసి దాని చిరునామా రెండో పూల్‌లో పెట్టడం ఒకటి, బాగా బరువున్న యూజర్ల హోమ్ డైరెక్టరీని మొత్తంగా రెండో పూల్‌కి మార్చడం ఇంకోటి. కర్, న్యూ, టెంప్ అనే మూడు డైరెక్టరీల్ని విడివిడి డిస్కుల మీద పెట్టే తెలివి మాత్రం వద్దు, మెయిల్ టెంప్ నుంచి న్యూలోకి పేరు మార్చుకుని వెళ్తాది, అది ఒకే ఫైల్ సిస్టమ్‌లో ఉంటేనే కుదురుతాది.

ఒక మాట, 2025లో వచ్చిన డవ్‌కాట్ 2.4లో సెట్టింగుల పేర్లు మారిపోయాయి, మెయిల్ లొకేషన్ అనే ఒక్క లైను పోయి మెయిల్ డ్రైవర్, మెయిల్ పాత్ అని విడివిడిగా వచ్చాయి. పాత వీడియోలు చూసి కాపీ కొట్టే ముందు మీ వెర్షన్ చూసుకోండి.

జెడ్‌ఎఫ్‌ఎస్ పెట్టాలా, ఎల్‌వీఎం చాలా?

మీ తర్వాత ఆ సర్వరుని ఎవరు చూస్తారో వాళ్ళకి ఏది వచ్చో అది పెట్టండి. నాకైతే మెయిల్‌కి జెడ్‌ఎఫ్‌ఎస్ ఇష్టం, స్నాప్‌షాట్ (ఆ సమయానికి డేటా ఎలా ఉందో దాచుకోవడం) క్షణంలో అవుతాది, స్క్రబ్ (డేటా మొత్తం తనిఖీ) నడిపితే పాడైన బ్లాకుల్ని మిర్రర్‌లో రెండో కాపీ నుంచి అదే బాగుచేసుకుంటాది. కానీ 80 శాతం దాటనివ్వకండి, నిండేకొద్దీ నెమ్మదిస్తాది. ఇంకోటి, ఒకే పూల్‌లో నాలుగు మిర్రర్ జతలుంటే అందులో ఒక జత పూర్తిగా పోయినా మొత్తం పూల్ పోతాది, వేరే వేరే పూల్స్ అయితే దేని చావు దానిదే. డిస్కుల్ని గుంపుగా కట్టే రెయిడ్‌జెడ్ పద్ధతి పెట్టేవాళ్ళు పూల్‌లో కలిపిన గ్రూపుని తర్వాత తీసెయ్యలేరు, ముందే కాయితం మీద వేసుకోండి. ఎల్‌వీఎం పాతకాలపుదే గానీ పీవీమూవ్‌తో సర్వరు నడుస్తుండగానే పాత డిస్క్ నుంచి కొత్త డిస్క్‌కి డేటా జరపొచ్చు.

కంప్రెషన్ (కుదించడం), డీడూప్ (ఒకేలాటి డేటాని ఒక్కసారే దాచడం) ఆన్ చేస్తే సగానికి సగం మిగులుతాదా?

కంప్రెషన్ పెట్టండి, కానీ ఏది అన్నది చూసుకోండి. ఎల్‌జెడ్4 మామూలు అక్షరాల్ని బాగానే కుదిస్తాది గానీ బేస్64 అటాచ్‌మెంట్ మీద దాదాపు చేతులెత్తేస్తాది. జెడ్‌స్టాండర్డ్ అయితే బేస్64 వల్ల పెరిగిన ఆ మూడో వంతుని చాలావరకు వెనక్కి తీసుకుంటాది, ఓపెన్ జెడ్‌ఎఫ్‌ఎస్ 2.0 నుంచి ఉంది. పాత మెయిల్స్ పూల్‌కి అదే పెట్టుకోండి.

డీడూప్ జోలికి వెళ్ళకండి. ఒకే అటాచ్‌మెంట్ పది మందికి వెళ్ళినా ఒక్కో కాపీకి పైన హెడర్ పొడవు వేరు, దాంతో లోపలి బ్లాకులు అటూ ఇటూ జరిగిపోతాయి, డీడూప్ కంటికి అవి వేరే వేరే డేటా. మెమరీ మాత్రం తినేస్తాది.

ఇంట్లో ఉన్న యూఎస్‌బీ డిస్క్ వాడొచ్చా?

బ్యాకప్‌కి వాడండి. పూల్‌కి వద్దు, కేబుల్ కదిలితే పూల్ ఊడిపోతాది. హార్డ్ డిస్కులు కొనేటప్పుడు సీఎంఆర్ రకం అడగండి, ఎస్‌ఎంఆర్ రకం చవగ్గా వస్తాయి గానీ మిర్రర్‌లో ఒకటి మార్చాల్సి వచ్చినప్పుడు కోలుకోడానికి చాలా టైం తీసుకుంటాయి.

## మార్చే రోజు

ఏ రోజు పెట్టుకుంటే మంచిది?

అక్టోబర్, నవంబర్ వద్దు. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ తుఫాన్లు రెండూ అక్టోబర్లోనే వచ్చాయి, 2021లో గులాబ్ సెప్టెంబర్ చివర్న కళింగపట్నం దగ్గర తీరం దాటింది. తిత్లీ తర్వాత ఉద్దానం వైపు కరెంటు కోసం జనం ఎలా ఎదురుచూశారో అందరికీ తెలుసు. సగం కాపీ అయ్యాక అలాటిది మీద పడితే ఏ యూపీఎస్సూ ఆదుకోదు. విజయనగరం వాళ్ళు సిరిమానోత్సవం మంగళవారం ఆఫీసు ఖాళీగా ఉంటాది కదా అనుకుంటారు, ఆ రోజు డిస్క్ షాపు తెరిచుండదు, సాయానికి పిలిస్తే ఎవరూ రారు. నా మటుకు సంక్రాంతి బాగుంటాది, కనుమ రోజు ఎవరూ మెయిల్ చూడరు, వానలూ ఉండవు. జీఎస్టీ రిటర్నుల గడువు వారం మాత్రం తప్పించండి, లేకపోతే అకౌంట్స్ సెక్షన్ మిమ్మల్ని బతకనివ్వదు.

500 జీబీ మెయిల్ ఎంతసేపట్లో కాపీ అవుతాది?

జీబీలు కాదు, ఎన్ని ఫైళ్ళో చెప్పండి. మామూలు హార్డ్ డిస్క్ చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్ళని సెకనుకి ఓ వంద చొప్పున చదవగలదు, 20 లక్షల మెయిల్స్ ఉంటే 20,000 సెకన్లు, అంటే అయిదున్నర గంటలు, అదీ ఇంకెవరూ డిస్క్‌ని ముట్టుకోకపోతే. అదే 500 జీబీ పది పెద్ద సినిమా ఫైళ్ళైతే గంటన్నరలో అయిపోతాది. నెట్‌వర్క్ మీద వేరే మిషనుకి పంపుతుంటే స్విచ్ 100 ఎంబీపీఎస్ దో గిగాబిట్ దో చూడండి, 100 దాని మీద 1 టీబీకి దాదాపు ఒక రోజు.

సర్వరు ఆపకుండా మార్చొచ్చా?

పూర్తిగా ఆపకుండా కష్టం, కానీ పది, పదిహేను నిమిషాలకి తగ్గించొచ్చు. సర్వరు నడుస్తుండగానే ఆర్‌సింక్ (ఫైళ్ళు కాపీ చేసే కమాండు) ఒకసారి నడపండి, రాత్రంతా పట్టినా పరవాలేదు. మర్నాడు మళ్ళీ నడపండి, ఈసారి మారినవే వెళ్తాయి. ఆఖర్న డవ్‌కాట్ ఆపి, పోస్ట్‌ఫిక్స్‌లో డిఫర్ ట్రాన్స్‌పోర్ట్స్ అనే సెట్టింగులో ఎల్‌ఎంటీపీ (పోస్ట్‌ఫిక్స్ డవ్‌కాట్‌కి మెయిల్ అందించే దారి) పెట్టి రీలోడ్ చెయ్యండి, అప్పుడు బయటి మెయిల్స్ తీసుకుంటాది గానీ మెయిల్‌బాక్సులో వెయ్యకుండా క్యూలో దాచుకుంటాది. ఆఖరి ఆర్‌సింక్ అయ్యాక కొత్త పూల్‌ని పాత దారిలో మౌంట్ చేసి (పాత డైరెక్టరీ చోట తగిలించి), డవ్‌కాట్ లేపి, చూసుకుని, ఆ సెట్టింగ్ తీసేసి క్యూని ఫ్లష్ చేస్తే ఆగినవన్నీ వచ్చేస్తాయి. రెండు వైపులా జెడ్‌ఎఫ్‌ఎస్ ఉంటే ఆర్‌సింక్ బదులు సెండ్, రిసీవ్ వాడండి, ఫైళ్ళు లెక్కపెట్టుకోదు కాబట్టి చాలా బేగి అవుతాది.

ఆర్‌సింక్‌కి ఏ ఆప్షన్లు ఇవ్వాలి?

మైనస్ తర్వాత చిన్న ఏ, పెద్ద హెచ్, పెద్ద ఏ, పెద్ద ఎక్స్, దానికి న్యూమరిక్ ఐడీస్ కలపండి. పెద్ద హెచ్ హార్డ్ లింకుల కోసం, అది లేకపోతే ఒకే ఫైలుకి రెండు పేర్లున్నవి రెండు ఫైళ్ళై సైజు పెరుగుతాది. చిన్న ఏ ఫైలు టైముని కాపాడుతాది, మెయిల్‌డిర్‌లో మెయిల్ వచ్చిన తేదీ అదే, అది పోతే పదేళ్ళ మెయిల్స్ అన్నీ ఇవాళ వచ్చినట్టు కనిపిస్తాయి. ఆఖరిసారి డిలీట్ ఆప్షన్ కూడా కావాలి, లేదంటే మధ్యలో చదివిన మెయిల్ పాత పేరుతో ఒకటి కొత్త పేరుతో ఒకటి రెండు కనబడతాయి. డిలీట్ పెట్టినప్పుడు మాత్రం ఏది ముందు ఏది వెనక అన్నది ఒకటికి రెండుసార్లు చదివి, డ్రై రన్ చూసి అప్పుడు ఎంటర్ కొట్టండి.

మాది జింబ్రా, మాకూ ఇదేనా?

కాదు. స్టోర్ డైరెక్టరీలో ఫైళ్ళని చేత్తో అటూ ఇటూ జరపకండి, ఏ మెయిల్ ఏ వాల్యూమ్‌లో ఉందో డేటాబేస్ రాసుకుంటాది. జెడ్‌ఎంవాల్యూమ్‌తో కొత్త పూల్ మీద కొత్త మెసేజ్ వాల్యూమ్ కలిపి దాన్ని కరెంట్ చేసేయండి, ఆ క్షణం నుంచి కొత్త మెయిల్స్ అక్కడికి వెళ్తాయి, పాతవి పాత చోటే చదువుకోవచ్చు. వయసుని బట్టి వాటంతటవే మారే సదుపాయం డబ్బు కట్టే ఎడిషన్‌లో ఉంది.

## మార్చాక

రీబూట్ అయ్యాక అందరి మెయిల్స్ మాయం, ఇన్‌బాక్స్ ఖాళీ! పోయాయా?

పోలేదు, కంగారు పడకండి, ముందు పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ ఆపేయండి. కొత్త పూల్ మౌంట్ అవ్వలేదు, అంతే. డవ్‌కాట్ ఆ దారిలో ఉన్న ఖాళీ డైరెక్టరీని చూసి కొత్త యూజర్లనుకుని కొత్త మెయిల్‌బాక్సులు కట్టేసింది, ఇప్పుడొచ్చిన నాలుగు మెయిల్స్ సిస్టమ్ డిస్క్ మీద పడుతున్నాయి. నన్నడిగితే కాపీ తప్పుల కన్నా ఇదే ఎక్కువ కొంప ముంచేది, ఎందుకంటే కాపీ తప్పితే ఎర్రర్ వస్తాది, ఇక్కడ ఎర్రరే రాదు, అంతా పచ్చగానే కనబడుతాది.

పూల్‌ని మౌంట్ చెయ్యండి. కింద పడిన మెయిల్స్ కోసం రూట్‌ని వేరే చోటికి బైండ్ మౌంట్ చేస్తే కప్పబడిన డైరెక్టరీ కనిపిస్తాది, అందులోని మెయిల్ ఫైళ్ళని ఆయా యూజర్ల న్యూ డైరెక్టరీలోకి, ఓనర్ మారకుండా కాపీ చేస్తే వాళ్ళ ఇన్‌బాక్స్‌లోకి వచ్చేస్తాయి. అక్కడున్న యూఐడీలిస్ట్ (మెయిల్స్ నంబర్ల జాబితా) ఫైలుని మాత్రం మోసుకురాకండి.

మళ్ళీ జరక్కుండా ఉండాలంటే రెండు పనులు. పూల్ మౌంట్ కాకముందే ఆ ఖాళీ డైరెక్టరీకి ఛాటర్ కమాండుతో ప్లస్ ఐ పెట్టేయండి, అప్పుడు రూట్ కూడా అందులో ఏమీ రాయలేడు. సిస్టమ్‌డీలో డవ్‌కాట్ సర్వీసుకి రిక్వైర్స్ మౌంట్స్ ఫర్ అన్న లైను చేర్చి మెయిల్ దారి ఇవ్వండి, మౌంట్ లేకపోతే డవ్‌కాట్ లేవదు, మెయిల్స్ క్యూలో ఉంటాయి. ఎఫ్‌స్టాబ్‌లో (మౌంట్ల జాబితా ఫైలు) డిస్క్ పేరు బదులు యూయూఐడీ (మారని గుర్తింపు సంఖ్య) రాయండి, డిస్కుల వరస రీబూట్‌కి మారిపోవచ్చు.

అందరి ఔట్‌లుక్‌లో మొత్తం మెయిల్స్ మళ్ళీ డౌన్‌లోడ్ అవుతున్నాయి, ఎందుకు?

ప్రతి ఫోల్డర్‌లో డవ్‌కాట్ యూఐడీలిస్ట్ అని ఒక ఫైలుంటాది, మెయిల్ క్లయింట్లు ఏది చూశాం ఏది చూడలేదు అని గుర్తుపెట్టుకునేది అందులోని నంబర్లతోనే. కర్, న్యూ మాత్రమే కాపీ చేసి చుక్కతో మొదలయ్యేవి, ఇలాటి చిన్న ఫైళ్ళు వదిలేస్తే సర్వరు కొత్త నంబర్లిస్తాది, క్లయింటు అన్నీ కొత్తవనుకుంటాది. ఇంకా ఎవరూ లాగిన్ అవ్వకపోతే పాత ఫైళ్ళు తెచ్చి పెట్టేయండి. అయిపోయుంటే వదిలేయండి, ఒక రోజు ఇంటర్నెట్ బరువుగా ఉంటాది, అంతే.

పర్మిషన్ డినైడ్ అంటోంది

ఫైళ్ళ ఓనర్ వీమెయిలేనా (మెయిల్ కోసం పెట్టిన సిస్టమ్ యూజర్) చూడండి. అది సరిగ్గానే ఉంటే ఎస్‌ఈలినక్స్ అనే లినక్స్ భద్రతా కాపలా అడ్డుతోందన్నమాట, కొత్త దారికి రీస్టోర్‌కాన్ నడపండి. దాన్ని శాశ్వతంగా ఆపేయమని ఎవరైనా చెప్తే వినకండి.

అన్నీ వచ్చాయని ఎలా తెలుస్తాది?

డైరెక్టరీ సైజు చూసి పోల్చకండి, కంప్రెషన్ ఉంటే ఎప్పుడూ కలవదు. మార్చేముందు డవ్‌అడ్మ్ మెయిల్‌బాక్స్ స్టేటస్‌తో ప్రతి యూజర్, ప్రతి ఫోల్డర్ మెయిల్స్ సంఖ్య ఒక ఫైలులో రాసుకోండి, మార్చాక మళ్ళీ రాయించి డిఫ్ కొట్టండి.

తేడా వస్తే పాత డిస్క్‌కి వెనక్కి వెళ్ళిపోవచ్చు కదా?

క్యూ తెరవనంతసేపు వెళ్ళొచ్చు. కొత్త పూల్‌లో కొత్త మెయిల్స్ పడ్డాక వెనక్కి వెళ్తే ఆ మధ్యలో వచ్చినవి పాత డిస్క్‌లో ఉండవు. అందుకే క్యూ ఆపి ఉన్నప్పుడే ఇద్దరు ముగ్గురు నమ్మకమైన యూజర్లతో లాగిన్ చేయించి, పాత మెయిలు తెరిపించి, ఒక ఫోల్డర్ నుంచి ఇంకోదానికి జరిపించి చూడండి. బాగుందనుకున్నాకే తలుపు తియ్యండి.

మిర్రర్ పెట్టాం కదా, ఇంకా బ్యాకప్ ఎందుకు?

ఎవరైనా ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోనూ ఒకేసారి డిలీట్ అవుతాది. పిడుగు పడితే రెండూ ఒకే పవర్ సప్లై మీద ఉన్నాయి. రోజూ స్నాప్‌షాట్ తీసి, ఊరవతల ఇంకో బిల్డింగులోని డిస్క్‌కి పంపండి, కనీసం వారానికోసారి. అక్కడి నుంచి ఒక యూజర్ మెయిల్‌బాక్స్‌ని అప్పుడప్పుడు వెనక్కి తెచ్చి తెరిచి చూడండి.

పాత డిస్క్‌ని ఎప్పుడు ఫార్మాట్ చెయ్యొచ్చు?

ఒక నెలాఖరు గడవనివ్వండి, నెలాఖరులోనే పాత ఇన్‌వాయిస్‌లు వెతుకుతారు, ఏదైనా లేకపోతే అప్పుడే బయటపడుతాది. ఆ లోపు దాన్ని రీడ్ ఓన్లీగా ఉంచండి, లేదా విప్పి తేదీ రాసి బీరువాలో పెట్టండి. తర్వాత స్మార్ట్ టెస్ట్ లాంగ్ ఒకటి నడిపి, రీఎలోకేటెడ్ సెక్టార్లు లేకపోతే బ్యాకప్ డిస్క్‌గా వాడుకోండి, ఉంటే మాత్రం డేటా చెరిపేసి పక్కన పెట్టేయండి, పాత ఇనుప సామాన్ల వాడికి అలాగే ఇచ్చేయకండి, ఆఫీసు మెయిల్స్ మొత్తం అందులో ఉన్నాయి.